నా నంబరు మీద మా చెల్లెలి ట్యూషన్

ఈ సంగతి రాసిపెట్టకపోతే ఇద్దరికి నష్టం. ఒకటి చరిత్రకు, రెండు నాకు. చరిత్రకు జరిగేది చిన్న నష్టమే కనుక దాన్ని ముందు చెప్పేస్తాను.

మా ఉప్పుగూడ ఇళ్లకు ప్రతి ఆదివారం ఒక పత్రిక వస్తుంది. పత్రిక అంటే పెద్ద మాట. రోజూ వచ్చే పేపరు మడతలో పెట్టి వేసే ఒకే ఒక్క కాగితం. ఒక వైపు తెలుగు, రెండో వైపు ఉర్దూ. అందులో వార్తలుండవు. ట్యూషన్లు చెప్పబడును, మిక్సీలు బాగుచేయబడును, కరాటే నేర్పబడును, రోగుల కొరకు ప్రార్థన చేయబడును. ఆ కాగితం లోకంలో ఎవరూ ఏ పనీ చేయరు, అన్నీ వాటంతట అవే చేయబడతాయి. ఆదివారం పొద్దున వచ్చిన కాగితం సోమవారం సాయంత్రానికి మిర్చి బజ్జీల కింద నూనె పీలుస్తూ కనిపిస్తుంది. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించిన ఫోటోలున్న పేపర్లను లైబ్రరీలో ఏళ్ల తరబడి కుట్టి దాచుతారు. మా వాడలో ఎవరు పాఠం చెప్పారో, ఎవరు ఫ్యాను బాగుచేశారో, ఎక్కడ ప్రార్థన జరిగిందో రాసి ఉన్న కాగితాన్ని మాత్రం ఎవరూ దాచరు. మా శాఖా గ్రంథాలయంలో ఈ మాటే అడిగాను. లైబ్రేరియన్ మేడం ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఇది ఏ విభాగం కింద పెట్టాలండీ?" అంది. పాకశాస్త్రం కింద పెట్టండి, నూనె ఎలాగూ ఉంది అన్నాను. ఆమె నవ్వలేదు. గ్రంథాలయాల్లో హాస్యానికి వేరే బీరువా ఉంటుంది.

ఇక నా నష్టం. మా గల్లీలో ఒక అబద్ధం తిరుగుతోంది. చర్చి పక్క హాలు మా చెల్లెలికి దక్కడానికి నా రాతే కారణమట. కలం బలంతో కరాటే మాస్టర్‌ను మట్టి కరిపించానట. పొగడ్త కనుక చాలా రోజులు ఖండించలేదు. పుస్తకాలు చదివిన మనిషికి పొగడ్తను ఖండించడం ఎంత కష్టమో చదివినవాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు ఖండిస్తున్నాను.

నేను బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. పదో తరగతి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ నా అభిప్రాయాలతో బోర్డువారు ఏకీభవించలేదు. డ్యూటీ దిగాక లైబ్రరీకి వెళ్లడం మొదట్లో ఫ్యాను కోసమే. గాలికి కూర్చున్నవాడు ఊరికే ఎంతసేపు కూర్చుంటాడు? ముప్పై ఏళ్లలో అక్కడి తెలుగు బీరువాలు మూడు చదివాను. నాలుగోదాని తాళంచెవి పోయింది, లేకపోతే అదీ చదివేవాణ్ణే.

ఇంత చదువు ఊరికే పోకూడదని మా సంఘపెద్ద ఒకసారి చర్చిలో మూడు రోజుల ఉజ్జీవ సభలకు ప్రకటన రాయమన్నాడు. సంఘపెద్ద అంటే మా చర్చి హాళ్ల తాళాలు, రిజిస్టర్లు, రూళ్లు అన్నీ చూసే రిటైర్డ్ గుమాస్తా. పరలోకానికి కూడా ఫైలు లేకుండా వెళ్లడు. నేను రాసిన ప్రకటన ఆయనకు అర్థం కాలేదు, అందువల్ల బాగా నచ్చింది. అప్పటినుంచి వాడలో ఎవరికి నోటీసు కావాలన్నా నా దగ్గరికే రావడం మొదలైంది. ఎలక్ట్రీషియన్‌కు "విద్యుత్ సంబంధిత సమస్త క్లేశములకు పరిష్కారము" అని రాసిచ్చాను. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని నలుగురు ఆయన ఇంటి మీదికి కొట్లాటకు పోయారు. అది చదివినవాళ్ల తప్పు, రాసినవాడిది కాదు అని అప్పట్లో అనుకున్నాను.

ఇక మా చెల్లెలి సంగతి. ఆమె ఒక ప్రైవేటు బడిలో పదహారేళ్లు లెక్కలు చెప్పింది. ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో ఆ బడి మూతపడింది. ఇంట్లో ట్యూషన్ పెడదామంటే ఉన్నవి ఒకటిన్నర గదులు. ఆ ఒక గదిలో వాళ్ల అత్తగారు మంచం మీద ఉంది. మిగిలిన అరలో మా బావ ఉంటాడు. మా బావకు తెలిసినాయన ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ పని చూసిపెట్టాడు. జులైలో చేరాలి. ఆమె మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒకే మాట అంది.

"అన్నా, పదహారేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన. ఇప్పుడు సబ్బులకు బార్‌కోడ్ కొట్టాల్నా?"

దీనికి జవాబు నేను చదివిన మూడు బీరువాల్లో ఎక్కడా లేదు.

చర్చి పక్కన ఒక చిన్న హాలుంది. ఆదివారం సండే స్కూలుకు తప్ప వారమంతా తాళమే. సాయంత్రాలు ఇవ్వమని ఆమె పాస్టరు అయ్యగారిని అడిగింది. అయ్యగారు సరే అనేలోపు కరాటే మాస్టర్ కూడా అదే హాలు, అదే సాయంత్రం అడిగాడు. ఆయనా మా సంఘం మనిషే. అంతకుముందు దాకా రైల్వే స్టేషన్ వెనక ఖాళీ జాగాలో నేర్పేవాడు, అక్కడ ఎవరో గోడ కట్టారు. దాంతో విషయం సంఘపెద్ద చేతికి వెళ్లింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని రూలు పెట్టాడు.

"చూడమ్మా, దేవుని మందిరం అందరిది. గందుకే రూలుండాలె. బడులు తెరిచినంక మూడు ఆదివారాలు టైమిస్త. ఆ మీద సోమవారం సాయంత్రం నేనే వచ్చి లెక్కబెడ్త. ఎవరికి పదిహేనుమంది అయితే హాలు వాళ్లకు."

"ఎవరికీ కాకపోతే?" అంది మా చెల్లెలు.

"తాళముండనే ఉన్నది గద."

మూడు ఆదివారాలంటే మూడు కాగితాలు. మొదటిది నేనే రాశాను. "గణిత జిజ్ఞాసువులకు సదవకాశము. సుదీర్ఘ బోధనానుభవమున్న ఉపాధ్యాయులచే ఆరు నుండి పదవ తరగతి వరకు గణిత బోధన. వివరములకు సంప్రదించుడు." కింద నా నంబరు.

నా నంబరు ఎందుకంటే, మా దగ్గర పద్ధతి అది. ఆ కాగితంలో ఆడవాళ్లు మగ్గం పని నేర్పుతారు, పెళ్లికూతుళ్లకు మెహెందీ పెడతారు, బ్లౌజులు కుడతారు, టిఫిన్లు కట్టిస్తారు. కానీ నంబర్లన్నీ మగవాళ్లవే. మొగుడిది, అన్నయ్యది, కొడుకుది. అంతకుముందు ఒకామె మగ్గం పనికి సొంత నంబరు వేసుకుంది. ఆ వారమంతా ఎవరెవరో ఫోన్లు చేసి, తిన్నవా, ఏం చీర కట్టినవ్ అని అడిగారు. చివరికి ఆమె సిమ్ మార్చింది. అప్పటినుంచి ఎవరూ వేయరు. పేరు కూడా వేయరు. లేడీ టీచర్ అన్న మాట రాస్తే మళ్లీ అదే బెడద అని నేను దాన్ని ఎక్కడా రానివ్వలేదు. చెల్లెలి మర్యాద కాపాడానని ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

ఆమె మాత్రం నోటీసు చదివి, "జిజ్ఞాసువులంటే ఎవరన్నా? నాకు ఆరు నుంచి పది క్లాసు పిల్లలు గావాలె," అంది.

కాగితం ఛాపించేది హుస్సేనీ ఆలంలో ఒక ప్రెస్సు భాయ్. తెలుగు టైపు కూడా ఆయనే చేస్తాడు, ఉర్దూ అంత బాగానే చేస్తాడు. ఎవరికైనా నాలుగు లైన్లే ఇస్తాడు. నా నోటీసు చదివి, గడ్డం గోక్కుని అన్నాడు.

"అన్నా, లైన్లైతే నాలుగే ఉన్నయ్. మగర్ జనాలకు దీంతో పాటు డిక్షనరీ గూడ ఛాపి ఇయ్యాల్నా?"

"చదువుకునేవాళ్లకు చదువుకున్న భాష ఉండాలి భాయ్," అన్నాను.

"చదువుకున్నోళ్లు ట్యూషన్‌కు ఎందుకొస్తరన్నా?"

ఆదివారం మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ కాగితం ఫోటో గల్లీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతుంది కనుక ఫోన్లకు లోటు లేదు. నేను గొంతు సవరించుకుని, "నమస్కారం, గణిత బోధనా కేంద్రం, సెలవివ్వండి," అనేవాణ్ణి. అవతల ఒక ఊపిరి వినిపించేది. తర్వాత టక్కున పెట్టేసేవారు. మళ్లీ ఫోను, మళ్లీ నమస్కారం, మళ్లీ టక్. మాట్లాడినవాళ్లు లేకపోలేదు. ఒకాయన ఫ్రిజ్ చల్లబడటం లేదన్నాడు, పక్క లైను నోటీసు చూసి నా నంబరు కొట్టాడట. ఒకామె భర్త తాగుడు మాన్పించే ప్రార్థన ఏ వారం అని అడిగింది. శుక్రవారం అని చెప్పాను. లెక్కల గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. రైలు పోతుంటే సిగ్నల్ తెగుతోందని తేల్చాను. రెండు రోజులు రైల్వే శాఖను నిందించి, రైలు లేనప్పుడు కూడా టక్‌మంటోందని గమనించి, లోపం నా వచనంలో ఉందని నిర్ణయించాను. ప్రజలకు వచనం రుచించడం లేదు, పద్యం కావాలి.

రెండో ఆదివారం కాగితంలో లెక్కల ట్యూషన్‌కు ఆటవెలది వచ్చింది. నాలుగు పాదాలు, నాలుగు లైన్లు, నంబరు చివరి పాదం కొసన. ప్రెస్సు భాయ్ కూడా రూలు ప్రకారం ఏమీ అనలేకపోయాడు. మా చెల్లెలు ఆ కాగితం తీసుకుని, అన్నం కంచం ముందు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది, మడిచి కిటికీలో పెట్టింది. అప్పటికి ఆమె దగ్గర ఉన్న పేర్లు రెండు. ఒకరు మా వెనకింటి పిల్ల, రెండోది ఆ పిల్ల చెల్లెలు.

కరాటే మాస్టర్ దగ్గర అప్పటికే పన్నెండు పేర్లున్నాయి. ఆయన నోటీసు ఏముంది? తెల్ల బట్టల్లో కాలు చెవిదాకా ఎత్తిన ఫోటో, కింద "కరాటే" అని ఒక్క మాట, నంబరు. నాలుగు లైన్ల జాగాలో మూడు లైన్లు ఆయన కాలే ఆక్రమించింది. అలాంటి మనిషి ఒక సాయంత్రం మా అరుగు దగ్గర చెప్పులు విడిచి, రెండు చేతులు జోడించాడు.

"సార్, మీ పద్యం మస్తున్నది. సమజైతే కాలేదు గానీ, చదువుతుంటే గుండెల కొట్టినట్టున్నది. నాగ్గూడ ఒకటి రాసియ్యరాదుండ్రి? ఇంకా ముగ్గురే తక్కువున్నరు."

ఇక్కడ నేను చేసిన పనికి మా ఇంట్లో ఇప్పటికీ క్షమాపణ దొరకలేదు. రాసిచ్చాను. గుండెల్లో కొట్టినట్టుందని ఎవరైనా అంటే మీరైనా రాసిస్తారు. "దేహదార్ఢ్యమునకు, ఆత్మరక్షణకు, మనోనిగ్రహమునకు ప్రాచీన ప్రాచ్య యుద్ధ కళాభ్యాసము" అని మొదలుపెట్టి నాలుగు లైన్లూ నింపాను. జాగా చాలక కాలు తీసేయాల్సి వచ్చింది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. అది మూడో ఆదివారం కాగితానికి.

ఈ సంగతి తెలిసి మా చెల్లెలు మొదటిసారి నా మీద గొంతు లేపింది.

"నా కొంపకు నిప్పు వెట్టి ఆయన పొయ్యికి కట్టెలు మోసినవా? నువ్వు నా తరఫునా, బీరువా తరఫునా?"

"అడిగితే కాదనలేకపోయిన చెల్లే."

"నేను అడిగింది ఏంది? పదిహేనుమంది పిల్లలు. నువ్విచ్చింది ఏంది? ఆటవెలది!"

మరునాడు ఆమెతో కూరగాయలకు వెళ్లాను, కోపంగా ఉన్న చెల్లెలి సంచి మోస్తే కొంత తగ్గుతుందని. తోటకూర బండి దగ్గర ఒక బురఖా ఆమె పరుగున వచ్చి మా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. పాత బడిలో ఆమె పెద్ద కూతురికి లెక్కలు చెప్పింది మా చెల్లెలే.

"టీచర్! ఎక్కడికి పోయిన్రు మీరు? బడి బంద్ అయినకాడికెల్లి ఎతుకుతున్న. నా చిన్న బచ్చీ తొమ్మిదో క్లాసుకొచ్చింది, లెక్కలంటే ఏడుస్తది. గా చర్చి పక్క హాల్ల ఎవరో సార్ చెప్తడంట. కాగితంల నంబరుకు ఫోన్ జేసిన."

"చేస్తే?" అంది మా చెల్లెలు.

"మగాయన ఎత్తిండు. మస్తు భారీ గొంతు. ఏందో కేంద్రం అన్నడు, సర్కారు ఆఫీసు లెక్క. నేను పెట్టేసిన. ఆడపిల్లను ఎట్ల పంపాలె చెప్పండి? మా పక్కింటామె గూడ చేసింది. ఆమె వదిన గూడ చేసింది. అందరం పెట్టేసినం."

మా చెల్లెలు నా వైపు చూడలేదు. తోటకూర కట్టలు రెండు ఏరి సంచిలో వేసి, నిదానంగా చెప్పింది. "ఆ సార్ నేనే."

ఆ భారీ గొంతు మనిషి పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డాడని ఆమెకు చెప్పలేదు. అందుకు మా చెల్లెలికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రం వాళ్లింట్లో పంచాయితీ. పంచాయితీ అంటే, మంచం మీది అత్తగారు కాక, మా బావా, నేనూ ఒక వైపు, ఆమె ఒక్కతి ఇంకో వైపు. ఈసారి తన పేరు, తన నంబరు వేస్తానంది. మా బావ చెడ్డవాడు కాదు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేదాకా లోకం మంచిగా లేదని చెప్పాడు. నేను మగ్గం పని ఆమె సంగతి గుర్తుచేశాను, ఇంకొన్ని పుస్తకాల మాటలు కూడా కలిపాను.

"అయిందా ఇద్దరిది?" అంది. "పదహారేండ్లు రోజూ బోర్డు మీద తారీకు రాసి, కింద నా పేరు రాసిన. గల్లీల పిల్లలందరికి తెలుసు నా పేరు. మీ ఇద్దరికే దాచాలె అనిపిస్తున్నది. నేనున్నట్టే తెల్వకపోతే నా దగ్గరికి ఎవరొస్తరు? ఆ టక్‌మని పెట్టేసినోళ్లందరూ నా పిల్లల తల్లులు. మీరు నన్ను కాపాడి కాపాడి బిల్లింగ్ కౌంటర్ల గూసోబెడ్తున్నరు."

మంచం మీద నుంచి అత్తగారు అంది, "అది చెప్పేది నిజమే కదరా." ఏడాదిగా ఆమె అన్నం, మందులు తప్ప వేరే మాట మాట్లాడగా నేను వినలేదు.

మరునాడు బస్సులో హుస్సేనీ ఆలం వెళ్లాం. నేను తోడు వెళ్లానన్న మాటే గానీ, ప్రెస్సులో నన్ను స్టూలు మీద కూర్చోమని తనే కౌంటర్ దగ్గర నిలబడి తెల్ల కాగితం మీద రాసింది. "లెక్కలు చెప్తాను. 6 నుంచి 10 క్లాస్. నేను లేడీ టీచర్‌ను." రెండో లైనులో తన పేరు, మూడో లైనులో తన నంబరు. నాలుగో లైను: "చర్చి పక్క హాలు, సాయంత్రం నాలుగున్నర. తల్లులు కూడా వచ్చి కూర్చొని చూడొచ్చు." నాలుగో లైను నేనైతే జన్మలో రాసేవాణ్ణి కాదు. తల్లులు వచ్చి కూర్చోవడానికి ఏ సమాసమూ దొరకదు.

ప్రెస్సు భాయ్ నంబరు దగ్గర ఆగాడు. "అమ్మా, ఇది మీదేనా? లొల్లి అయితది. ఆలోచించుకోండి."

"ఆలోచించే రాసిన భాయ్."

ఆయన మరోసారి చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. "అన్నా, దీన్ని నోటీసంటరు."

లొల్లి అయింది. అది అబద్ధం చెప్పను. ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి రాకముందే మొదటి ఫోను. స్పీకర్ పెట్టమన్నాను, పెట్టింది.

"హలో మేడం, భోజనం చేసిన్రా?"

"చేసిన. నువ్వు ఏ క్లాసు దాంక చదివినవ్?"

"టెన్త్."

"పాసా?"

"...పాసే."

"పదిహేడో ఎక్కం చెప్పు."

పదిహేడు నాలుగుల దగ్గర ఫోను పోయింది. మా బావ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత వచ్చిన వాటిలో ఒకటి మాత్రం వేరే. ఆమె స్పీకర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకుంది. విని, కట్ చేసి, నంబరు బ్లాక్ చేసింది. ఏమన్నాడని అడిగితే చెప్పలేదు. ఫోను నాకివ్వు, నేను మాట్లాడతా అన్నాను. ఇవ్వలేదు. లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ ఫోను పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత తల్లులు మొదలయ్యారు. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, ఒకరు రెండూ కలిపి. ఒకామె గొంతు తగ్గించి అడిగింది. "టీచర్, చర్చి హాలు గద. ఆడ పిల్లలతోని ప్రార్థన చేపిస్తరా?"

"నేను లెక్కలు చేపిస్తమ్మా. పరీక్ష దగ్గరికొస్తే ప్రార్థన వాళ్లే చేస్కుంటరు, ఎవరి దేవునికి వాళ్లు."

ఆమె ఇద్దరు పిల్లల పేర్లు రాయించింది.

సోమవారం నాలుగున్నరకు సంఘపెద్ద రిజిస్టరు, స్కేలు తెచ్చుకున్నాడు. స్కేలు ఎందుకో ఇప్పటికీ తెలియదు. అయ్యగారు తలుపు దగ్గర నిలబడ్డారు. బయట కరాటే పిల్లలు తెల్ల బట్టల్లో వరుస కట్టారు. పదకొండు మంది. ఉన్న పన్నెండులో ఒకరికి జ్వరం. నా ప్రాచీన ప్రాచ్య యుద్ధ కళాభ్యాసం చూసి కొత్తగా వచ్చినవారు సున్న. ఫోన్లు రాలేదా అని మాస్టర్‌ను అడిగాను. ఒకటొచ్చిందట, చైనా మందులు దొరుకుతాయా అని. గల్లీలో తిరుగుతున్న అబద్ధం ఇక్కడే పుట్టింది. చెల్లెలి కోసం మాస్టర్‌కు కావాలనే అర్థం కాని నోటీసు రాసిచ్చానట. ఎంత లోతైన మనిషో అని టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారు. నేను ఆ నోటీసును నిండు మనసుతో, ఉన్న విద్యంతా పెట్టి రాశాను. ఇంతకంటే నిజాయితీగా ఎవరినీ ముంచలేదు.

లోపల బెంచీల మీద ఆడపిల్లలు. సంఘపెద్ద వేలు పెట్టి లెక్కించాడు. మళ్లీ లెక్కించాడు. పదమూడు. వెనక బెంచీ మీద నలుగురు తల్లులు కూర్చున్నారు.

"పదమూడే ఉన్నరమ్మా," అన్నాడు. "రూలు పదిహేను."

మా చెల్లెలు చాక్‌పీసు చేతిలో పట్టుకుని నిలబడింది. బతిమాలలేదు. బతిమాలుతుందేమోనని నేను నేల చూస్తున్నాను. సంఘపెద్ద రిజిస్టరు మూశాడు. అప్పుడు వెనక బెంచీ నుంచి తోటకూర బండి దగ్గర కలిసిన ఆమె లేచింది.

"నా పేరు గూడ రాయండి పెద్దాయనా."

"నీకేం పనమ్మా లెక్కలతోని?"

"ఏడో క్లాసుల ఆపేసిన్రు నన్ను. బచ్చీ వచ్చి అడిగితే నాకే సమజ్ కాదు, దానికేం చెప్పాలె? ఎట్లాగూ రోజూ వచ్చి గూసుంట. గూసున్నదాన్ని లెక్కబెట్టరా?"

"పెద్దోళ్లకు కాదమ్మా ఇది."

"టీచర్ గూడ పెద్దదే గద. ఆమెనెందుకు రానిచ్చిన్రు?"

పిల్లలు నవ్వారు. పక్కనున్న ఇంకో తల్లి కొంగుతో నోరు మూసుకుని, "నాది గూడ రాయండి, నేను ఐదో క్లాసు దాంకనే," అంది. ఆమె ఎదురు గల్లీలో పాల బూత్ నడిపే ఆమె. పొద్దంతా చిల్లర లెక్క చేస్తుంది, ఎవరూ ఆమెను మోసం చేయగా నేను చూడలేదు. సంఘపెద్ద స్కేలు తీసి, రిజిస్టరు తెరిచి, అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఆదివారం తప్ప.

"రాయి," అన్నారు.

పదిహేను. మాస్టర్ బయట నుంచే చప్పట్లు కొట్టాడు. చర్చి వెనక ఆవరణ పొద్దున పూట ఆయనకిచ్చారు. హాల్లో కంటే బయట గాలి ఎక్కువని ఆయనే అంటున్నాడు. నోటీసులో కాలు మళ్లీ వచ్చింది. మా చెల్లెలు సూపర్ మార్కెట్‌కు ఫోను చేసి రానని చెప్పింది. తన నంబరు నుంచే చేసింది.

ఇక సాయపడ్డవారికి కృతజ్ఞతలు చెప్పాలి. లైబ్రరీ పుస్తకాలన్నిటిలో చివర ఈ పేజీ ఉంటుంది, పేర్లతో సహా. నాదీ అలాగే ఉండాలని ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అనుమతి అడిగాను. ప్రెస్సు భాయ్, "పేరు వేస్తే యాడ్ అయితది అన్నా, యాడ్ అంటే నాలుగు లైన్లే," అన్నాడు. సంఘపెద్ద దరఖాస్తు ఇమ్మన్నాడు. మాస్టర్ తన పేరు పక్కన బెల్టు రంగు కూడా వేయమన్నాడు. పాల బూత్ ఆమె, మావారిని అడగాలె అని, మళ్లీ తానే నవ్వి, వద్దులే అంది. మా చెల్లెలి పేరు వేయనా అని అడిగితే నోటుబుక్కులు దిద్దుతూ తల ఎత్తలేదు.

"నా పేరు నా నోటీసుల ఉన్నది గద. నీ పుస్తకంల నువ్వు వేసేది ఏమున్నది?"

కాబట్టి వాడలో ఎవరిని ఎలా పిలుస్తామో అలాగే చెబుతున్నాను. మూడు బీరువాలు తెరిచి ఉంచిన లైబ్రేరియన్ మేడంకు, నాలుగోదాని తాళంచెవి ఇంకా వెతుకుతున్న లైబ్రరీ అటెండరుకు, ఒక్క మాటతో తీర్పు చెప్పిన అయ్యగారికి, స్కేలుతో వచ్చిన సంఘపెద్దకు, హుస్సేనీ ఆలం భాయ్‌కు, టీ చల్లార్చుకున్న మా బావకు, మంచం మీద నుంచి న్యాయం చెప్పిన అత్తగారికి, తన కాలును నాకోసం త్యాగం చేసిన మాస్టర్‌కు, వెనక బెంచీలో ఇప్పుడు భిన్నాల దాకా వచ్చిన తల్లులిద్దరికీ. అందరికంటే ముందు చెప్పాల్సినవాళ్లు, నా గొంతు వినగానే ఫోను పెట్టేసిన ఆడవాళ్లు. వాళ్ల పేర్లు నిజంగానే నాకు తెలియవు. అడిగేలోపే పెట్టేశారు.